నిప్పుకన్నా ముందే వచ్చేది పొగ
అపార్టుమెంటు మెట్ల కిందే ప్రమాదం పొంచి ఉంది... అగ్నిమాపక శాఖ సేవలు, నగరవాసులు పాటించవలసిన జాగ్రత్తలు

విజయవాడ: 2020 ఆగస్టు 9వ తేదీ తెల్లవారుజామున ఏలూరు రోడ్డులోని ఒక హోటల్‌లో నిప్పు రాజుకుంది. ఆ రోజుల్లో ఆ భవనాన్ని కొవిడ్ బాధితుల చికిత్సా కేంద్రంగా వాడుతున్నారు. కింది అంతస్తులో పుట్టిన మంటల నుంచి లేచిన పొగ మెట్ల దారి వెంట పైకి ఎగబాకింది. గదుల్లో నిద్రలో ఉన్నవారికి ఎటు వెళ్లాలో తోచలేదు. అగ్నిమాపక సిబ్బంది నిచ్చెనలు వేసి కిటికీల గుండా పలువురిని కిందికి దించారు. అయినా పది మంది ప్రాణాలు దక్కలేదు.

ఎండల తీవ్రతకు బెజవాడను బ్లేజ్‌వాడ అని హాస్యమాడిన కాలం ఒకటి ఉండేది. పూరిళ్లు, తాటాకు పాకలు ఎక్కువగా ఉన్న ఆ రోజుల్లో వేసవి గాలికి పేటలకు పేటలే బుగ్గిపాలయ్యేవి. పాకల స్థానంలో సిమెంటు కట్టడాలు వచ్చాక నిప్పు భయం తీరిందని చాలామంది భావించారు. నిజానికి అది రూపం మార్చుకుంది. పాకకు నిప్పంటుకుంటే జనం బయటికి పరుగెత్తి ప్రాణాలు కాపాడుకునేవారు, పోయేది సామాను. అంతస్తుల భవనంలో సామానుకు పెద్దగా నష్టం లేకపోయినా లోపలున్నవారు ఊపిరాడక మరణిస్తున్నారు.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో జరిగిన ఘటనలూ ఈ విషయాన్నే చెబుతున్నాయి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక భవనం కింది భాగంలో ఉంచిన ఎలక్ట్రిక్ స్కూటర్లకు నిప్పంటుకోగా పై అంతస్తుల్లోని హోటల్ గదుల్లో బస చేసిన ఎనిమిది మంది మరణించారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకొని పైన కాపురాలు ఉంటున్న తొమ్మిది మంది బలయ్యారు. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్ హౌజ్ వద్ద ఒకే ఇరుకు దారి ఉన్న ఇంట్లో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోగా వారిలో ఎనిమిది మంది చిన్నారులు. ఈ ఘటనలన్నింటిలోనూ నిప్పు కింద పుట్టింది, పొగ పైకి వెళ్లింది, బయటపడే దారినే అది ముందుగా ఆక్రమించింది.

మెట్ల దారే పొగగొట్టం

వేడెక్కిన పొగ పైకి లేవడం ప్రకృతి సహజం. భవనంలో కింది నుంచి మేడ దాకా అడ్డులేకుండా ఉండేది మెట్ల దారి, లిఫ్టు గుంత. పొయ్యికి పొగగొట్టం ఎలాంటిదో నిప్పంటుకున్న భవనానికి ఇవి అలాంటివి. అందుకే మొదటి అంతస్తువారి కంటే నాలుగో అంతస్తువారు ముందుగా ఉక్కిరిబిక్కిరయ్యే సందర్భాలు ఉంటాయి.

నగరంలోని అపార్టుమెంట్లలో అధికభాగం ఒకే నమూనాలో ఉంటాయి. కింద స్తంభాల మధ్య వాహనాల నిలుపుదల స్థలం, దానికి ఆనుకొని మెట్లు, మెట్ల కిందనో పక్క గోడకో వరుసగా విద్యుత్ మీటర్ల బోర్డు. ఆ బోర్డు ముందు ద్విచక్ర వాహనాలు చక్రం చక్రం తగిలేలా నిలిపి ఉంటాయి. మెట్ల కింద ఖాళీ జాగాలో పాత పరుపులు, విరిగిన కుర్చీలు, రంగు డబ్బాలు, కాపలాదారు కుటుంబం వంట సామగ్రి. మీటరు బోర్డులో వదులైన తీగ నుంచి ఒక్క నిప్పురవ్వ పడితే పక్కనున్న వాహనం పెట్రోలుతో సహా అంటుకుంటుంది. ప్లాస్టిక్, రబ్బరు, ఫోము కాలితే వచ్చే నల్లటి పొగలో కార్బన్ మోనాక్సైడ్ వంటి విషవాయువులు ఉంటాయి. ఆ పొగ మెట్ల గుండానే పైకి వస్తుంది. ఇంత ప్రమాదకరమైన ఏర్పాటును ఎవరూ కావాలని చేసుకోలేదు. స్థలం కలిసివస్తుందని ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ వచ్చిందే ఇదంతా.

నివాసుల సంఘాలు ఒక ఆదివారం కేటాయించి చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. మీటర్ల బోర్డుకు కనీసం నాలుగైదు అడుగుల దూరంలో వాహనాలేవీ నిలపకుండా పసుపు గీత గీయించాలి. మెట్ల కింద ఉన్న సామాను యావత్తూ తీయించాలి. మేడపైకి వెళ్లే తలుపునకు తాళం వేసే అలవాటు మానాలి. దొంగల భయం ఉంటే లోపలి వైపు గడియ పెట్టుకోవచ్చు, దానికి తాళంచెవి వెతకవలసిన అగత్యం ఉండదు. పొగ కమ్మిన వేళ తాళంచెవి కార్యదర్శి ఇంట్లో ఉండి, ఆయన ఊళ్లో లేకపోతే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

కిటికీలకు, బాల్కనీలకు బిగించే ఇనుప ఊచలది మరో సమస్య. కోతులకు, దొంగలకు భయపడి బాల్కనీ మొత్తాన్ని బోనులా మూసివేస్తున్నారు. నిచ్చెన వేసుకొని కిటికీ దాకా వచ్చిన సిబ్బంది ఊచలు కోయడానికే విలువైన నిమిషాలు ఖర్చవుతాయి. ఒక్క కిటికీకైనా మనిషి పట్టేంత వెడల్పున, లోపలి నుంచి తెరుచుకునే చిన్న తలుపు పెట్టించుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. వెల్డింగ్ పనివారికి అది అరపూట పని.

చట్టం గీసిన గీత

రాష్ట్రంలో అగ్నిమాపక వ్యవహారాలకు మూలం 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కూడా దానినే స్వీకరించింది. ఈ చట్టం 13వ సెక్షన్ ప్రకారం 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తు ఉన్న వాణిజ్య భవనాలకు, 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తు ఉన్న నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం అవసరమని నిర్దేశించారు. పాఠశాలలు, సినిమా హాళ్లు, కల్యాణ మండపాలు వంటి జనం గుమికూడే కట్టడాల విషయంలో నిబంధన ఇంకా కఠినం. 500 చదరపు మీటర్ల స్థలం లేదా 6 మీటర్ల ఎత్తు దాటితే చాలు, అనుమతి తీసుకోవలసిందే.

94 మంది చిన్నారులను బలిగొన్న 2004 నాటి కుంభకోణం పాఠశాల ప్రమాదం, 1997లో 59 మందిని పొట్టన పెట్టుకున్న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు ప్రమాదం, 22 మంది విద్యార్థులు మరణించిన 2019 నాటి సూరత్ శిక్షణ కేంద్రం ప్రమాదం గుర్తుంటే ఆ కాఠిన్యం ఎందుకో అర్థమవుతుంది. అయితే నగరంలోని ఎన్నో అపార్టుమెంట్లు 18 మీటర్ల గీతకు కొద్ది దిగువనే ఆగిపోయినవి. అంటే పొగను పసిగట్టే పరికరాలు, నీటిని చిమ్మే గొట్టాలు, రెండో మెట్ల దారి వంటివేవీ అక్కడ ఉండకపోవచ్చు. చట్టం అడగలేదు కనుక ప్రమాదమూ రాదని అనుకోరాదు. ఇలాంటి చోట్ల రక్షణ బాధ్యత పూర్తిగా నివాసులదే అవుతుంది.

అనుమతులు తీసుకున్న భవనాల్లోనూ పరిస్థితి ఏమంత ఆశాజనకంగా లేదన్నది కాస్త పరిశీలిస్తే ఎవరికైనా తెలుస్తుంది. పత్రం కోసం బిగించిన గొట్టాలు తనిఖీ ముగిశాక ఎండకు పగిలిపోతుంటాయి. అత్యవసర ద్వారం ముందు మందుల అట్టపెట్టెలు, బియ్యం బస్తాలు దర్శనమిస్తాయి. ఆస్పత్రిలో, కల్యాణ మండపంలో, షాపింగ్ మాల్‌లో అడుగు పెట్టిన ప్రతిసారీ రెండో ద్వారం ఎటున్నదో ఒకసారి చూసుకోవడం మంచి అలవాటు. అందుకు అర నిమిషం చాలు.

101కు ఫోన్ చేసేటప్పుడు

అగ్నిమాపక శాఖకు సమాచారం ఇవ్వడానికి 101 నంబరు ఉచితం. 112 నంబరుకు చేసినా సమాచారం చేరుతుంది. ప్రమాదాన్ని చూసిన పది మందిలో ప్రతివారూ మరొకరు ఫోన్ చేసి ఉంటారని భావించడం, చివరకు ఎవరూ చేయకపోవడం తరచూ జరిగేదే. ఒకే ఘటనకు పది ఫోన్లు వెళ్లినా నష్టం లేదు.

ఫోన్ చేసినవారు కంగారులో ‘మా ఇల్లు కాలిపోతోంది, తొందరగా రండి’ అని పెట్టేస్తుంటారు. ఊరు, పేట, వీధి, దగ్గరలోని గుడి లేదా బడి లేదా సినిమా హాలు పేరు, అంటుకున్నది ఏమిటి, లోపల మనుషులు ఉన్నారా, ఎన్నో అంతస్తు అన్న వివరాలు చెప్పాలి. అవతలివారు ‘సరే’ అనేదాకా ఫోన్ పెట్టరాదు. ఒకరిని వీధి మొదట్లో నిలబెడితే శకటం దారి తప్పదు. గ్యాస్ బండలు, రసాయనాలు, పెట్రోలు వంటివి లోపల ఉన్నట్లయితే ముందుగానే తెలపాలి. సిబ్బంది వెంట తెచ్చుకోవలసిన సామగ్రి, దగ్గరికి వెళ్లే పద్ధతి దానిని బట్టి మారుతాయి.

సాధారణ అగ్నిమాపక శకటంలో 4,500 లీటర్ల నీరు పడుతుంది. వినడానికి పెద్ద మొత్తమే. గొట్టం పూర్తిగా విప్పి ఎడతెగక చిమ్మితే కొద్ది నిమిషాల్లోనే ట్యాంకు ఖాళీ అవుతుంది. మళ్లీ నింపుకోవడానికి దగ్గరలో నీటి వనరు ఉండాలి. నగరం గుండా బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ప్రవహిస్తున్నా, ప్రమాదాలు ఎక్కువగా జరిగే మండు వేసవిలోనే డెల్టా కాలువలకు నీటి విడుదల తగ్గిపోతుంది. అపార్టుమెంటు సంపు, పక్కింటి బావి, ఫ్యాక్టరీ ట్యాంకు ఎక్కడున్నాయో చూపగలిగిన స్థానికుడు అటువంటి సమయంలో ఎంతో మేలు చేసినవాడవుతాడు. ప్రమాద స్థలంలో ఎవరి నీటినైనా వాడుకునేందుకు, అవసరమైతే తలుపులు, గోడలు పగులగొట్టేందుకు, జనాన్ని తొలగించి దారి మూసివేసేందుకు శాఖ అధికారులకు చట్టరీత్యా అధికారం ఉంది. ‘మా తలుపు ఎందుకు పగులగొట్టారు’ అని వారితో వాదనకు దిగడం వల్ల ప్రయోజనం లేదు.

ఇరుకు సందులు, కొండ ఇళ్లు

వన్‌టౌన్‌లో వస్త్రలత, కాళేశ్వరరావు మార్కెట్ పరిసరాలను ఒకసారి నడిచి చూసినవారికి శకటం అక్కడికి ఎలా చేరుతుందన్న అనుమానం రాక మానదు. బట్టల బేళ్లు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సామాను నిండిన దుకాణాలు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. పగలు తోపుడుబండ్లు, సరకు దించే ఆటోలు, దుకాణం ముందుకు పొడిగించిన రేకులు, తలపై వేలాడే కేబుల్ తీగలు అడ్డం. రాత్రి షట్టర్లు దించాక లోపల ఏం జరుగుతున్నదో బయటికి తెలియదు. షట్టరు సందుల్లోంచి పొగ వచ్చేసరికి లోపల సగం కాలిపోయి ఉంటుంది. దుకాణం మూసేముందు మెయిన్ స్విచ్ కట్టివేయడం, దేవుడి పటం ముందు దీపాన్ని కొండెక్కేదాకా చూసి తాళం వేయడం అనే రెండు పనులు చేస్తే ఇటువంటి ప్రమాదాలు చాలావరకు తప్పుతాయి.

ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల, మొగల్రాజపురం, గుణదల ప్రాంతాల్లో కొండ వాలుపై ఇళ్లు కట్టుకున్న కుటుంబాల కష్టం వేరు. అక్కడికి మెట్ల దారి తప్ప రోడ్డు లేదు. శకటం కొండ కిందే ఆగుతుంది, గొట్టాలను ఒకదానికొకటి తగిలించుకుంటూ మెట్లెక్కాలి. ఎత్తు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గుతుంది. అందువల్ల కొండ ఇళ్లవారు మొదటి పది పదిహేను నిమిషాలు తమంతట తామే నెట్టుకురావలసి ఉంటుంది. ఇంటి ముందు రెండు బిందెల నీరు, ఒక బకెట్ ఇసుక, తడుపుకోవడానికి రెండు గోనెసంచులు సిద్ధంగా ఉంచుకోవాలని పెద్దలు చెప్పేది చాదస్తమేమీ కాదు. ఇరుకు దారుల కోసం శాఖ వద్ద నీటి తుంపరలు చిమ్మే పరికరాలు అమర్చిన జీపులు, మోటారు సైకిళ్లు కూడా ఉంటాయి. అవి చిన్న మంటకు చాలతాయి, పెద్ద మంటకు చాలవు.

శకటానికి దారి ఇవ్వని వాహనదారులకు మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 194-ఈ సెక్షన్ కింద 10 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే అవకాశం ఉంది. అంబులెన్సుకు అడ్డుపడినా అదే శిక్ష.

వంటింట్లో బండ

గ్యాస్ గాలికంటే బరువైనది. లీకైన గ్యాస్ పైకి పోదు, నేలబారున పరచుకుంటుంది. బండలోని ద్రవం బయటికొచ్చి వాయువైతే సుమారు 250 రెట్లు వ్యాపిస్తుంది. గాలిలో అది 2 నుంచి 9 శాతం దాకా కలిసినప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాస్‌కు స్వతహాగా వాసన ఉండదు, లీకు తెలియాలనే ఉద్దేశంతోనే ఘాటైన మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ వాసన రాగానే దీపం వేయడం, ఫ్యాను తిప్పడం, ఫ్రిజ్ తలుపు తీయడం, సెల్‌ఫోన్‌లో మాట్లాడడం చేయరాదు. వెలుగుతున్న స్విచ్‌ను ఆర్పడం కూడా ప్రమాదమే, రెండు సందర్భాల్లోనూ లోపల రవ్వ పుడుతుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, బయటికి వచ్చాక 1906 నంబరుకు ఫోన్ చేయాలి. గ్యాస్ లీకుల కోసమే ఏర్పాటైన ఈ నంబరు 24 గంటలూ పనిచేస్తుంది.

బండ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. ముందు అగ్గిపుల్ల గీసి తరువాత పొయ్యి తిప్పాలి గానీ గ్యాస్ వదిలి అగ్గిపెట్టె వెతకరాదు. రబ్బరు ట్యూబును ఎలుకలు కొరికే ఇళ్లు నగరంలో తక్కువేమీ కాదు. లోపల ఉక్కు తీగ అల్లిన నారింజ రంగు సురక్ష ట్యూబు వాడి, అయిదేళ్లకు ఒకసారి మార్చాలి. బండ తీసుకునేటప్పుడు దాని మెడ పట్టీపై లోపలి వైపు ముద్రించిన అక్షరాన్ని, అంకెను చూడాలి. ఏ అంటే మార్చి వరకు, బి అంటే జూన్ వరకు, సి అంటే సెప్టెంబరు వరకు, డి అంటే డిసెంబరు వరకు అని అర్థం, పక్కనున్నది సంవత్సరం. ‘బి-28’ అని ఉంటే 2028 జూన్ నాటికి ఆ బండను తిరిగి పరీక్షించాలి. గడువు దాటిన బండను నిరాకరించే హక్కు వినియోగదారుకు ఉంది.

బూరెలు, అప్పడాలు వేయిస్తుండగా మూకుడులోని నూనె అంటుకుంటే చాలామంది మొదట చేసే పని నీళ్లు పోయడం. అదే కొంప ముంచుతుంది. నూనె అడుగుకు చేరిన నీరు క్షణంలో ఆవిరై దాదాపు 1,700 రెట్లు వ్యాపించి మండుతున్న నూనెను కప్పుదాకా ఎగజిమ్ముతుంది. పొయ్యి కట్టేసి మూకుడుపై వెడల్పాటి మూత జరిపి కదిలించకుండా వదిలేస్తే గాలి అందక మంట తానే ఆరుతుంది. చల్లారకముందే మూత తీసి చూడరాదు, మూకుడును చేత్తో పట్టుకొని పెరట్లోకి పరుగెత్తడం అంతకన్నా తగదు.

విద్యుత్తు, బ్యాటరీలు

ప్రమాదం జరిగిన ప్రతిచోటా ‘షార్ట్ సర్క్యూటే కారణం’ అన్న మాట వినబడుతుంది. ఆ మాట వెనుక ఉండే అసలు సంగతి ఓవర్‌లోడు, వదులైన కీళ్లు. ఇరవై ఏళ్ల కిందట రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలకు సరిపడా వేసిన తీగలపై ఇప్పుడు ఏసీ, గీజరు, వాషింగ్ మిషన్, మైక్రోవేవ్ నడుస్తున్నాయి. తీగ వేడెక్కి పైతొడుగు కరుగుతుంది. భారం ఎక్కువైనప్పుడు విద్యుత్తును ఆపేందుకే ఎంసీబీ ఉంది. అది పదేపదే పడిపోతున్నదని విసుగుచెంది ఎక్కువ సామర్థ్యం గలది మార్పించుకోవడం ఎందరో చేస్తున్న పొరపాటు. కాపలా కుక్క అరుస్తున్నదని దాని నోరు కట్టేయడం వంటిదే అది. ఏసీకి, గీజరుకు బోర్డు నుంచి విడిగా మందమైన తీగ లాగించాలి, ఐఎస్ఐ గుర్తు ఉన్నవే వాడాలి. ఒకే ప్లగ్గుకు గొలుసుకట్టుగా బోర్డులు తగిలించరాదు.

2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేట పరిధిలో పడకగదిలో రాత్రంతా చార్జింగ్‌లో ఉంచిన ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించారు. లిథియం బ్యాటరీలో ఒక గడి అదుపు తప్పి వేడెక్కితే పక్క గడులూ వరుసగా అంటుకుంటాయి, పైకి ఆరినట్లు కనిపించిన మంట మళ్లీ లేస్తుంది. అందుచేత బ్యాటరీని పడుకునే చోట, వీధి తలుపు పక్కన, మెట్ల కింద చార్జింగ్ పెట్టరాదు. కంపెనీ ఇచ్చిన చార్జరునే వాడాలి. ఉబ్బిన, కిందపడి దెబ్బతిన్న, నీట మునిగిన బ్యాటరీకి చార్జింగ్ పెట్టకుండా డీలరుకు అప్పగించాలి.

ఎర్ర సిలిండరు వాడకం

అపార్టుమెంటు గోడకు తగిలించిన ఎర్ర సిలిండరును ఒక్కసారైనా చేతబట్టినవారు అరుదు. ఇళ్లకు, వాహనాల నిలుపుదల స్థలానికి ఏబీసీ పొడి ఉన్నది అనుకూలం. విద్యుత్ బోర్డులకు, కంప్యూటర్లకు కార్బన్ డయాక్సైడ్ ఉన్నది మేలు. పొడి ఉన్న సిలిండరు ముల్లు పచ్చ రంగుపై ఉంటేనే అది పనికివస్తుంది. ఏడాదికోసారి తనిఖీ చేయించి చీటీ అంటించాలి.

వాడే పద్ధతి కష్టమైనది కాదు. సీలు తెంచి పిన్ను లాగాలి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టాలి, మీట నొక్కాలి, చీపురుతో ఊడ్చినట్లు ఇటూ అటూ తిప్పాలి. పైకి ఎగిసే నాలుకలపై చిమ్మితే పొడి వృథా. చిన్న సిలిండరు కొద్ది క్షణాల్లోనే ఖాళీ అవుతుంది. కాబట్టి బుట్టెడు మంటకు, ఒక వాహనం మంటకు మాత్రమే దీనిని నమ్ముకోవాలి. వెనుక బయటపడే దారి ఉండేలా నిలబడాలి. మంట నడుము ఎత్తు దాటితే సిలిండరు వదిలి బయటికి రావడమే తెలివైన పని.

పొగలో చిక్కుకుంటే

మెట్ల దారి శుభ్రంగా ఉంటే దిగిపోవాలి, లిఫ్టు జోలికి పోరాదు. మార్గమధ్యంలో విద్యుత్తు పోతే లిఫ్టు ఇనుప పెట్టెగా మారుతుంది. తలుపు తీసేముందు అరచేతి వెనుక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే అవతల మంట ఉన్నట్లే, తీయరాదు. మెట్లలో నల్లటి పొగ నిండి ఉంటే అందులోకి దూకి ప్రాణాల మీదికి తెచ్చుకోవడం కంటే లోపలే ఉండి తలుపు వేసుకోవడం మేలు. తలుపు కింది సందును తడి దుప్పటితో, చీరతో మూయాలి. వీధివైపు గదిలోకి వెళ్లి కిటికీ తెరిచి, రంగు గుడ్డ ఊపి, 101కు తాము ఉన్న అంతస్తు, గది చెప్పాలి. నేలకు అడుగు ఎత్తులో గాలి కొంత శుభ్రంగా ఉంటుంది కనుక తప్పనిసరైతే ముక్కుకు తడిగుడ్డ అడ్డుపెట్టి పాకుతూ కదలాలి. బయటపడ్డాక నగల కోసం, కాగితాల కోసం తిరిగి లోపలికి వెళ్లరాదు. ముసలివారు, పసిపిల్లలు, మంచం పట్టినవారు ఉన్న ఇంట్లో వారిని ఎవరు ఎత్తుకొని దిగాలన్నది ముందే మాట్లాడుకోవాలి. ఇల్లు కాలుతుండగా బావి తవ్వే ప్రయత్నం ఫలించదు.

ఒంటికి నిప్పంటుకుంటే పరుగెత్తరాదు, గాలికి మంట పెరుగుతుంది. నేలపై పడి దొర్లాలి, పక్కనున్నవారు మందమైన నూలు దుప్పటో గోనెసంచో కప్పాలి. కాలిన చోట 20 నిమిషాలపాటు మామూలు కుళాయి నీరు ధారగా పోయాలి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న పూయరాదు. చర్మానికి అంటుకున్న గుడ్డను లాగరాదు. శుభ్రమైన దుప్పటి కప్పి 108కు కబురు చేయాలి.

దీపావళి దుకాణాలు

2022 అక్టోబరు 23న, దీపావళి ముందురోజు, నగరంలోని జింఖానా మైదానంలో ఏర్పాటు చేసిన బాణసంచా దుకాణాలు అంటుకొని ఇద్దరు మరణించారు. 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం తాత్కాలిక దుకాణాలను మండని సామగ్రితో నిర్మించాలి, దుకాణానికి దుకాణానికి కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి, ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండరాదు, ఒకచోట 50కి మించరాదు. నూనె దీపాలు, గ్యాస్ దీపాలు నిషేధం. కొనుగోలుదారులు ఈ కొలతలు తెలుసుకొని ఉంటే గుడ్డ డేరాల్లో ఇరుక్కొని టపాకాయలు ఏరుకునే పరిస్థితి కొంతైనా తగ్గుతుంది. ఇంటి వద్ద కాల్చేటప్పుడు నైలాన్ చీరలు, వేలాడే ఓణీలు వద్దు. పేలని బాంబును వంగి చూడరాదు, దూరం నుంచి నీరు పోయాలి.

నిప్పొక్కటే కాదు

బావిలో పడినవారిని తీయడం, కూలిన గోడల కింద చిక్కుకున్నవారిని కాపాడడం, కృష్ణా ఘాట్లలో పుష్కరాలు, దసరా ఉత్సవాలకు కాపలా కాయడం కూడా ఈ శాఖ విధులే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీట మునిగినప్పుడు, వరద తీసిన తరువాత వీధుల్లో, ఇళ్లలో పేరుకున్న బురదను కడిగింది అగ్నిమాపక శకటాలే. ఇతర జిల్లాల నుంచి కూడా అప్పట్లో వాటిని రప్పించారు. ఆర్పేందుకు వచ్చే వాహనం బురద కడగడానికి వచ్చిందని ఆశ్చర్యపోయినవారూ లేకపోలేదు. మంటలార్పే సేవకు, ప్రాణరక్షణ సేవకు బాధితులు చెల్లించవలసింది ఏమీ లేదు. ప్రైవేటు కార్యక్రమాలకు ముందుజాగ్రత్తగా శకటాన్ని నిలిపేందుకు మాత్రం రుసుము ఉంటుంది.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాలకు ఒక విషాద నేపథ్యం ఉంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో పత్తి, పేలుడు పదార్థాలతో ఉన్న ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలింది. ఓడలోని మంటను ఆర్పేందుకు వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది విధి నిర్వహణలో అసువులు బాశారు. ఆ వారంలో సిబ్బంది పాఠశాలలకు, ఆస్పత్రులకు, అపార్టుమెంట్లకు వచ్చి ప్రదర్శనలు ఇస్తారు. మిగిలిన రోజుల్లోనూ నివాసుల సంఘం తరఫున సమీప కేంద్రంలోని స్టేషన్ ఫైర్ ఆఫీసరుకు దరఖాస్తు ఇచ్చి సిలిండరు వాడకంపై శిక్షణ కోరవచ్చు.

కాలిన తరువాత కాగితాలు

ప్రమాదం జరిగాక బాధితులు పోగొట్టుకునేది సామాను ఒక్కటే కాదు, పరిహారం కూడా. బీమా కోరాలంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే ధ్రువపత్రం కీలకం. శకటం రాకముందే స్థానికులు మంట ఆర్పేసినా కేంద్రానికి సమాచారం ఇచ్చి నమోదు చేయించాలి, లేకుంటే ధ్రువపత్రం పొందడం కష్టమవుతుంది. శిథిలాలు తొలగించక ముందే ఫొటోలు తీయించాలి. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు నకలు తీసుకోవాలి. ఇల్లు పూర్తిగా కాలినవారు తహసీల్దారు కార్యాలయానికి కూడా దరఖాస్తు చేయాలి.

గ్యాస్ వల్ల జరిగే ప్రమాదాలకు చమురు సంస్థలు తీసుకునే బీమా ఉంటుందన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. వినియోగదారు ప్రత్యేకంగా ప్రీమియం కట్టనక్కరలేదు. కేంద్రం పార్లమెంటుకు తెలిపిన వివరాల ప్రకారం ఈ బీమా కింద మరణిస్తే ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయలు, వైద్యానికి ఒక్కొక్కరికి 2 లక్షల వరకు, కనెక్షన్ నమోదైన ఇంట్లో ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు చెల్లించే వీలుంది. ఇందుకు ప్రమాదం జరిగిన వెంటనే గ్యాస్ డీలరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. డీలరు ఆ సమాచారాన్ని చమురు సంస్థకు, సంస్థ బీమా కంపెనీకి పంపుతాయి. ఇల్లు మారినా పాత చిరునామాతోనే బండ తెప్పించుకుంటున్న అద్దె కుటుంబాలు చిరునామా మార్పించుకోకపోతే ఆస్తి నష్టం పరిహారానికి చిక్కు వస్తుంది. డీలరు కార్యాలయంలో ఆధార్, అద్దె ఒప్పందం నకళ్లు ఇస్తే చిరునామా మార్చుకోవచ్చు.